నంబరు ఎవరెవరికి తెలుసు

నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. ఇంట్లో ఏదైనా పోతే, పోయిందన్న దిగులుకన్నా ఎలా పోయిందన్న ఆరాటమే నాకు ఎక్కువ. పాలు విరిగితే మా అమ్మ గిన్నె కడగడానికి తొందరపడేది, నేను ఆ గిన్నె లాక్కుని వాసన చూస్తూ కూర్చునేదాన్ని. ఈ గుణానికి నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. దీనివల్ల ఒక మనిషికి ఒకే ఒక్కసారి మేలు జరిగింది. అంతకు పది రోజుల ముందు అదే మనిషికి అన్యాయం చేసిందీ నేనే. మేలు సంగతి మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు కాబట్టి, రెండోది నేను చెప్పాలి.

గనులు జోరుగా నడుస్తున్న రోజులు. నేను బళ్ళారి సత్యనారాయణపేటలో మా పెదనాన్న ఇంట్లో ఉండి బీకాం ముగించాను. మాది కురుగోడు, తరతరాల సేద్యం. మిరప వేసి ఏడాదంతా ఎదురుచూడటం కన్నా ఖనిజం తోలడమే మేలని మా పెదనాన్న మెట్టపొలం కొంత అమ్మి లారీ కొన్నాడు. అప్పుడు అందరూ అదే చేస్తున్నారు. పెళ్ళిళ్ళలో ఎదురుపడిన చుట్టాలు పిల్లలెందరని అడగడం మానేసి గాడీలెన్ని అని అడిగేవాళ్ళు. మా వైపు లారీని గాడి అనే అంటాం.

లారీ కొనడం ఒక ఎత్తు, నంబరు కొనడం ఇంకో ఎత్తు. నాలుగంకెలూ కూడితే తొమ్మిది రావాలి, లేకపోతే గాడి కలిసిరాదు. దానికోసం ఆర్టీవో ఆఫీసులో డబ్బు కట్టి వారాల తరబడి కాచుకునేవాళ్ళు. మా పెదనాన్న నెలన్నర కాచుకున్నాడు. నంబరు వచ్చిన రోజున పెయింటరును పిలిపించి బండి నుదుటి మీద ట్రాన్స్‌పోర్టు పేరు, ముందు అద్దం పైన మా ఇంటి అమ్మవారి పేరు, బంపరు మీద నంబరు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పసుపు రంగుతో రాయించాడు. బంతిపూల దండ అక్షరాలకు అడ్డం పడుతోందని దగ్గరుండి పక్కకు జరిపించాడు.

ఆ బండి నడిపింది మా పాత ట్రాక్టరు డ్రైవరే. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నన్ను ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని కురుగోడు బడి దగ్గర దింపిపోయేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. లారీ వచ్చాక, ఖనిజం లోడింగు అక్కడే కాబట్టి, యశ్వంతనగర్‌లో ఒక గది తీసుకుని ఉండేవాడు. నెలకు రెండు మూడుసార్లు బళ్ళారి వచ్చి మా వసారాలో కూర్చుని ఊళ్ళోని సంగతులన్నీ చెప్పి, భోంచేసి పోయేవాడు.

ఓడరేవుకు పోయిన లారీ అక్కడ క్యూలో రోజులకు రోజులు నిలబడిపోయేది. డీజిలుకూ తిండికీ డ్రైవరు ఖాతాలో డబ్బు వేయాలంటే మా పెదనాన్నకు బ్యాంకులో సగం రోజు గడిచిపోయేది. విసిగిపోయిన మేనేజరు ఒకరోజు, ఇంటర్నెట్టులో ఖాతా తెరుచుకోండి, నా మొహం చూసే పని ఉండదని సలహా ఇచ్చాడు. మా పెదనాన్న ఆ సలహాను నా నెత్తిన వేశాడు. బీకాం చదివినందుకు పనికొచ్చే పని దొరికిందని నేను సంబరపడ్డాను.

బ్రౌజింగ్ సెంటరుకు ముగ్గురం వెళ్ళాం. అన్న ఆ రోజు బండి సర్వీసుకు బళ్ళారి తెచ్చాడు, రోడ్డుకు అవతల నిలబెట్టి మాతో లోపలికి వచ్చాడు. ఎర్రదుమ్ము ఆ గదిలోకీ వచ్చి కీబోర్డు సందుల్లో కూర్చుంది. కంప్యూటరు ముందు యూజర్ నేమ్ అడిగింది. మా పెదనాన్న క్షణం ఆలోచించకుండా ట్రాన్స్‌పోర్టు పేరు చెప్పాడు. తర్వాత పాస్‌వర్డ్ అడిగింది, అక్షరాలూ అంకెలూ కలిసి ఉండాలంది. అక్కడ ఆయన ఆగిపోయాడు. పుట్టినరోజు ఆయనకు తెలియదు. పెళ్ళిరోజు గుర్తులేదు. పొలం సర్వే నంబరు పెడదామంటే, అమ్మేసిన పొలం నంబరు అచ్చిరాదని వద్దన్నాడు.

"దీనికేం ఇంతసేపు ఆలోచన జేస్తాండారప్పా?" అన్నాడు అన్న, తలుపు దగ్గర నిలబడి. "అమ్మవారి పేరు ముందర, మన గాడి నంబరు ఎనక. మర్చిపోయినా భయం లేదు. బయటికొచ్చి గాడిని చూస్తే సరిపాయె."

"చూస్తివా పాపా," అని మా పెదనాన్న తొడ చరిచాడు. "బీకాం నువ్వు చదివితివి, బుద్ధి వీనికుండాది."

అందరం నవ్వాం. నేను తలుపులోంచి రోడ్డు అవతలి బండిని చూసి ఒక్కో అంకె కొట్టాను. డబ్బు పంపేటప్పుడు వాడే రెండో పాస్‌వర్డ్ కూడా అడిగితే, నంబరు ముందూ అమ్మవారు వెనకా పెట్టి తిరగేశాను. ఆ తిరగేయడం మాత్రం నా సొంత తెలివి. చాలా రోజులు దానికి మురిసిపోయాను.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు బ్రౌజింగ్ సెంటరుకు పోయి ఖాతా తెరిచి చూసేదాన్ని. డబ్బు పంపే పని లేకపోయినా పోయేదాన్ని. ముట్టుకోవడానికి లేని డబ్బు కంప్యూటరు అద్దంలో కనిపించడం నాకు వింతగా ఉండేది. ఎక్కడ ఉంటుంది అది? బ్యాంకు బీరువాలోనా, ఆ తీగల్లోనా? సెంటరు నడిపే ఆయన్ని అడిగితే గంటకు ఇరవై రూపాయలకు అన్ని జవాబులు రావన్నాడు.

ఒక సోమవారం పొద్దున ఖాతా తెరిస్తే డబ్బు లేదు. బండి అప్పు కంతులకని దాచినది మొత్తం మూడు ముక్కలుగా, మేమెప్పుడూ వినని ఒక ఊళ్ళోని ఖాతాకు పోయింది. నేను పేజీ మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ లేదు. ఇంటికి పరుగెత్తుకొచ్చి చెబితే మా పెదనాన్న మొదట నమ్మలేదు. తలుపు పగలకుండా, ఎవరూ రాకుండా ఎలా పోతుందని నన్నే అడిగాడు. అది నాకూ అర్థం కాలేదు.

బ్యాంకులో మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, మీ పాస్‌వర్డ్ పెట్టే లోపలికి వచ్చారు కాబట్టి ఇది తెలిసినవాళ్ళ పనే అన్నాడు. "బయటోనికి ఎట్ల గొత్తవుతాది, ఎట్ల తెలుస్తాది చెప్పండి? ఎవరెవరికి తెలుసో ఒక లిస్ట్ రాసియ్యమ్మా, పోలీసుకు కంప్లైంటుతో పెడదాం."

నేను రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని బడిలో బహుమతి కూడా వచ్చింది. ఆ గుండ్రటి రాతతో, నంబరు తెలిసినవాళ్ళు అని పైన రాసి, కింద అన్న పేరు, ఆయన గది ఎక్కడుందో రాసి ఇచ్చాను. ఆ నంబరు పెట్టమన్నది ఆయనే అని కూడా రాశాను. నేను అబద్ధం ఏమీ రాయలేదు. ఆ రోజంతా అదే నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు పోలీసులు యశ్వంతనగర్ నుంచి అన్నను తీసుకొచ్చారు. కొట్టలేదు, తిట్టలేదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఠాణా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ వరండా లారీలు పోయే రోడ్డు మీదికే ఉంటుంది. ఊళ్ళోని డ్రైవర్లు, ఓనర్లు, లారీలు తూచే కాటా దగ్గరివాళ్ళు అందరూ చూస్తూ పోయారు. ఆయన దగ్గర ఏమీ దొరక్క సాయంత్రం వదిలేశారు. ఆయన తిన్నగా మా ఇంటికి వచ్చి, బండి తాళాలు కిటికీలో పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళిపోయాడు. లోపల భోజనం దగ్గర కూర్చున్న మా పెదనాన్న లేవలేదు. నేనూ లేవలేదు.

పోయిన డబ్బుకు మా పెదనాన్న కురుగోడులో ఉన్న వడ్లు అమ్మి ఆ నెల గడిపాడు. అది ఎలాగో గడిచేదే. గడవనిది అన్న సంగతి. స్టీరింగు పట్టుకుని బతికే మనిషి, ఆయనకు బళ్ళారిలో కానీ, యశ్వంతనగర్‌లో కానీ ఒక్క ఓనరూ బండి ఇవ్వలేదు. దొంగ అని ఎవరూ మొహాన అనలేదట. ఇప్పుడు ఖాళీ లేదప్పా అనేవాళ్ళట, డ్రైవర్లు దొరక్క లారీలు నిలబడిపోయిన ఆ రోజుల్లో.

నాకు మాత్రం అన్నం దిగలేదు. అన్న కోసమని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది కానీ, నిజానికి నన్ను తొలిచింది ఒకటే. అన్నకు కంప్యూటరు తెరవడమే రాదు. రెండో పాస్‌వర్డ్ తిరగేసిన సంగతి ఆయన చూడలేదు, ఆయన అప్పుడు బయట బీడీ తాగుతున్నాడు. అది నాకు గుర్తుంది. మరి తిరగేసింది ఎవరు?

పది రోజులకు మేము యశ్వంతనగర్ పోవాల్సి వచ్చింది. బండి పర్మిట్ పుస్తకం అన్న గదిలోనే ఉండిపోయింది, అది లేకుండా కొత్త డ్రైవరు బండి కదిలించడు. జీపులో మా పెదనాన్న, నేను బయలుదేరాం. సండూరు దారిలో లారీలు ఆగిపోయి ఉన్నాయి. ముందు లారీ, వెనక లారీ, ఎదురుగా లారీ. పది గంటలకు ఆగిన జీపు పన్నెండైనా అక్కడే ఉంది. మా పెదనాన్న తుండుగుడ్డ మొహం మీద వేసుకుని నిద్రపోయాడు.

ఏమీ తోచక ముందున్న లారీ నంబరులోని అంకెలు కూడి చూశాను. తొమ్మిది. పక్కదీ తొమ్మిదే. ఇంకోటి పద్దెనిమిది, అంటే మళ్ళీ తొమ్మిదే. ఇంతమంది ఇంత డబ్బు పోసి ఒకే అంకె కొనుక్కున్నారని నవ్వొచ్చింది. అప్పుడు ఇంకోటి చూశాను. చెట్లు, ఇళ్ళు, మనుషులు, లారీలు అన్నీ ఎర్రదుమ్ములో ఒకే రంగుగా ఉన్నాయి కదా, నంబరు ప్లేట్లు మాత్రం తళతళలాడుతున్నాయి. చెక్‌పోస్టులో జరిమానా వేస్తారని ప్రతి డ్రైవరూ దాన్నొక్కదాన్నీ తుడుస్తాడు. ఎదురుగా ఆగిన లారీ కేసి తలెత్తాను. నుదుటి మీద ట్రాన్స్‌పోర్టు పేరు. అద్దం పైన అమ్మవారి పేరు. బంపరు మీద నంబరు. పైనుంచి కిందికి, బ్యాంకు వాళ్ళ పేజీ అడిగిన వరసలోనే.

మా పెదనాన్న మొహం మీది తుండుగుడ్డ లాగేశాను.

"పెద్దనాయనా, ఆ గాడి ఆయన ఎవురో నాకు తెలీదు. ఆయన పాస్‌వర్డు మాత్రం తెలిసిపాయె."

"ఎండకు తల తిరిగిందా ఏంది పాపా? నీళ్ళు తాగు."

నేను నీళ్ళు తాగలేదు. బ్యాంకు పేజీ అడిగినవన్నీ ఒక్కొక్కటే ఆ లారీ మీద చూపించాను. ఆయన చాలాసేపు ఆ లారీని చూశాడు. తర్వాత మెడ తిప్పి వెనకనున్న దాన్ని చూశాడు. "మన గాడి రోజూ ఈ దావలోనే కదా తిరుగుతాండేది," అన్నాడు నెమ్మదిగా.

మధ్యాహ్నం బాగా దాటాక యశ్వంతనగర్ చేరాం. అన్న గదిలో లేడు. ఖనిజం జల్లించే చోట కూలికి పోతున్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. అక్కడికే వెళ్ళాం. తట్ట దింపి వచ్చాడు. చేతులు, కనుబొమలు అన్నీ ఎర్రగా ఉన్నాయి. నేను ఆగలేక దారిలో కనిపెట్టినదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. కొత్త లెక్క చేసి చూపించిన పిల్లలా మెచ్చుకోలు కోసం చూశాను కూడా. ఆయన అంతా విన్నాడు.

"ఠాణాలో ఒక కాగితం చూపించినారు పాపా. నా పేరుండాది దాంట్లో. ఎవురు రాసినారు అది?"

"నేనే అన్నా."

"ఎంతమందివి రాసినావు?"

"నీ ఒక్కనిదే."

"నీకు తెలీదా నంబరు? అప్పకు తెలీదా?"

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నంబరు తెలిసినవాళ్ళు అని రాసేటప్పుడు నేను గుర్తు రాలేదు, మా పెదనాన్న గుర్తు రాలేదు. మేము ఇంటివాళ్ళం. తెలిసినవాడు అంటే బయటివాడే అనుకున్నాను. మడ్‌గార్డు మీద నన్ను పట్టుకుని కూర్చోబెట్టిన చేతిని నేను ఏ ఆలోచనా లేకుండా బయట పెట్టేశాను.

"ఆ కాగితం ఎనక్కి తీస్కరా," అన్నాడు. "తెచ్చినప్పుడు మాట్లాడదాం." పర్మిట్ పుస్తకం తెచ్చి మా పెదనాన్న చేతిలో పెట్టి, మళ్ళీ తట్ట ఎత్తుకున్నాడు.

ఠాణాకు ఊరికే పోతే నా మాట ఎవరు వింటారు? రుజువు కావాలి. మర్నాడు మా పెదనాన్న తోటి ఓనర్లను ఐదుగురిని కాఫీకి పిలిచాడు. అందరికీ బ్యాంకు ఆన్‌లైన్ ఖాతాలున్నాయి, వాళ్ళ బళ్ళు వీధి చివర ఖాళీ జాగాలోనే నిలబడి ఉన్నాయి. మీ పాస్‌వర్డు చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి, మా పాప చెబుతుందన్నాడు. చిలక జోస్యమా అని ఎగతాళి చేశారు. నేను పోయి బళ్ళు చూసొచ్చి నా చీటీలు రాసి ఒక్కొక్కరికీ ఇచ్చాను. మొదటాయన చీటీ చూసి కాఫీ కింద పెట్టేశాడు. రెండో ఆయన "యాడ చూసినావమ్మా?" అని జేబు తడుముకున్నాడు. మూడో ఆయన భార్య మీద అనుమానపడ్డాడు. నాలుగో ఆయన చీటీ చూపించనే లేదు, మొహమే చెప్పింది. ఐదో ఆయన మాత్రం మీసం దువ్వి, నాది తప్పయ్యిందని నవ్వాడు. ఆయన పెట్టింది నంబరు కాదు, కూతురి పేరూ పుట్టిన సంవత్సరమూ. ఆ పిల్ల పేరు ఆయన లారీ వెనక చక్రాల రబ్బరు పట్టీల మీద, సంవత్సరంతో సహా, గులాబీ బొమ్మ పక్కన ఉంది. ఆ సంగతి చెప్పాక నవ్వడం మానేశాడు.

అదే మధ్యాహ్నం ఐదుగురూ కలిసి పాస్‌వర్డులు మార్చుకోవడానికి బ్రౌజింగ్ సెంటరు మీద పడ్డారట. వాళ్ళలో మూడో ఆయనకు అప్పటికే డబ్బు పోయి ఉంది. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదట, ఇంట్లో గొడవలు మాత్రం పడ్డాడట.

ఆయన్నీ చీటీలనూ తీసుకుని ఠాణాకు పోయాం. ఎస్సై శ్రద్ధగా విన్నాడు. ఆ మూడో ఆయన డబ్బు కూడా అదే ఊరి ఖాతాకు పోయిందని కాగితాలు చూసి తేల్చాడు. రాసుకుంటూ రాసుకుంటూ ఒకసారి లేచి, బయట నిలబెట్టిన తన మోటారుసైకిలు వైపు చూసి వచ్చి కూర్చున్నాడు. నేను చూడనట్టు ఉన్నాను. కాగితం వెనక్కి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఫైలుకు పోయిన కాగదం వాపస్ రాదమ్మా. ఇంకోటి రాసియ్యి, దానిపైన పెడ్తా."

కూర్చుని రాశాను. నంబరు తెలిసినవాళ్ళు. మొదటి పేరు నాది రాశాను. ఈసారి రాత గుండ్రంగా రాలేదు. రెండోది మా పెదనాన్నది. మూడోది అన్నది. నాలుగోది, యశ్వంతనగర్ నుంచి ఓడరేవు దాకా ఆ దారిలో మా బండిని చూసినవాళ్ళందరూ. ఎస్సై నవ్వలేదు, ముద్ర వేసి నకలు ఇచ్చాడు.

ఆ దొంగ దొరకలేదు. డబ్బు రాలేదు. ఎవరో, ఎక్కడివాడో, నాలాగే ఏదో ఒక మధ్యాహ్నం లారీల మధ్య ఇరుక్కుని, నాలాగే నంబర్లు కూడుకుంటూ కూర్చున్నాడేమో అనిపించేది. వాడి మీద కోపం రావాలి, రాలేదు. ఇద్దరికీ ఉన్నది ఒకే జబ్బు. ఎప్పుడైనా కలిస్తే, రెండోది తిరగేసి ఉంటుందని ఎలా తట్టిందో అడగాలని ఇప్పటికీ ఉంది.

నకలు తీసుకుని మళ్ళీ యశ్వంతనగర్ పోయాం. అన్న చేతులు కడుక్కుని వచ్చి, కాగితాన్ని చివరిదాకా మెల్లగా చదివాడు.

"నా పేరు ఇంకా ఉండాదే."

"నీకు తెలుసు కదన్నా. అది నిజమే కదా."

మొదటి వరస మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు. "నిజమే," అన్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మా పెదనాన్న జేబులోంచి బండి తాళాలు తీసి చాపాడు. అన్న కాసేపు చూసి తీసుకున్నాడు. వారం తర్వాత మళ్ళీ ఓనర్లు అందరూ ఆయనను దారిలో ఆపి పలకరించారు. ఆయన పలికాడు, అంతే.

కొత్త పాస్‌వర్డ్ పెట్టడానికి మళ్ళీ ముగ్గురం వెళ్ళాం. ఈసారి ఏ బండి మీదా లేనిది, ఏ అర్థమూ లేనిది నేనే తయారు చేసుకొచ్చాను. కీబోర్డు మీద చేయి పెట్టగానే అన్న కుర్చీలోంచి లేచాడు.

"ఉండన్నా, నువ్వుంటే ఏమైతాది?"

"వద్దు పాపా. నాకు చూపించొద్దు. అయినాక పిలువండి."

మా పెదనాన్న "ఒరే, కూచో," అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం ఉంది. అన్న కూర్చోలేదు. బయటికి పోయి, రోడ్డు వైపు తిరిగి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను తప్పులు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి చాలాసేపు తీసుకున్నాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు మా బండి నడిపాడు. ఏటీఎం కార్డు ఇస్తే పుచ్చుకోలేదు, నగదు చేతికిస్తేనే తీసుకునేవాడు. ఇప్పుడు దుకాణంలో ఫోను మీద నేను పిన్ను కొడుతుంటే పక్కనున్నవాళ్ళు మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంటారు. అది మంచి అలవాటేనని బ్యాంకులవాళ్ళు చెబుతారు. నాకు మాత్రం వాళ్ళు అలా తిప్పుకున్న ప్రతిసారీ ఆ వీపు గుర్తొచ్చి, ఇటు చూడన్నా, చూస్తే ఏమీ కాదు అని పిలవాలనిపిస్తుంది.